మాట్లాడే బొమ్మల కొలువు: క్లాసులో పిల్లల చేతులతోనే చేయించే పద్ధతి

పోయిన నవరాత్రికి చెన్నైలోని మా బడిలో ఆరో తరగతి పిల్లలు కొలువు పెట్టారు. మెట్టు మీది బొమ్మను ముట్టుకుంటే అది మాట్లాడుతుంది. ఆ మాట దాన్ని చేసిన పిల్లల గొంతే. అది చూసిన తోటి టీచర్లు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు: ఏం కొనాలి, ఎన్ని పీరియడ్లు పడుతుంది, నలభై మందితో ఎలా కుదిరింది, ఎక్కడ చెడిపోతుంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు వరసగా రాస్తున్నాను.

ఈ పని మొత్తానికీ నేను పెట్టుకున్న నియమం ఒకటే. వస్తువు పిల్లల చేతిలో ఉండాలి. టీచర్ ముందు నిలబడి చేసి చూపిస్తే నలభై మంది చూస్తారు, ఒక్కరూ చేయరు. కింది వరస అంతా ఆ నియమాన్ని బట్టి అమర్చుకున్నదే.

1. ఏం చేయాలో ముందు తేల్చుకోండి, పరికరం సంగతి తర్వాత

పరికరం తెచ్చి బల్ల మీద పెట్టి "దీంతో ఏం చేద్దాం?" అని అడిగితే పిల్లలు దాన్ని చూస్తూ ఉండిపోతారు. ముందు కథ కావాలి.

మా కొలువుకు "మన వీధి" అని పేరు పెట్టుకున్నాం. దేవుడి బొమ్మలు చేయించలేదు. క్లాసులో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు. పైగా మైదా ముద్దతో చేసిన దేవుణ్ణి సాయంత్రం పిసికి డబ్బాలో పెట్టడానికి ఎవరికీ చేయి రాదు. అందుకని పూలమ్మే ఆవిడ, ఆటో డ్రైవర్, బస్సు కండక్టర్, కాసిమేడు చేపల రేవులోని పడవ, మెరీనా బీచిలో సుండల్ (గుగ్గిళ్లు) అమ్మే అబ్బాయి, ఇస్త్రీ బండి తాత. ఇలా పిల్లలు రోజూ చూసే మనుషులు.

ఇద్దరిద్దరు చొప్పున జంటలు కట్టించి, ప్రతి జంట చేత అరపేజీ చీటీ రాయించండి. అందులో మూడే ప్రశ్నలు:

- బొమ్మ ఎవరిది?
- ముట్టుకుంటే ఏం అంటుంది? పది సెకన్లలో చెప్పేసేంత ఉండాలి.
- బొమ్మ వెనక పెట్టే కార్డులో ఏది వెలగాలి? ఆటో దీపమా, పడవ మీది లాంతరా, బండి మీది బల్బా?

చీటీ ఇవ్వని జంటకు సామాను ఇవ్వకండి. కఠినంగా అనిపిస్తుంది కానీ, చీటీ లేకుండా మొదలుపెట్టిన జంటలే మూడో రోజు ఖాళీగా కూర్చుంటాయి.

రెండో ప్రశ్న దగ్గర నేను మొదట్లో తప్పు చేశాను. పాఠ్యపుస్తకం తెలుగులో రాయమన్నాను. పిల్లలు రాశారు, చదివారు. అది బొమ్మ మాట్లాడినట్టు లేదు, పాఠం అప్పజెప్పినట్టు ఉంది. మా పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. ఆ మూడూ కలిసే నోట్లోంచి వస్తాయి. "మీ ఇంట్లో ఎలా అంటారో అలాగే అనండి" అన్నాక ఒక అమ్మాయి పూలావిడ చేత "మూర ఇరవయ్యే, రా తల్లీ, వాడిపోతాయి" అనిపించింది. అది వాళ్ళ అవ్వ మాటట. సుండల్ అబ్బాయి చేత "తేంగా, మాంగా, పట్టాణి సుండల్" (కొబ్బరి, మామిడి, బఠాణీ గుగ్గిళ్లు) అని బీచిలో వినిపించే కేక వేయించి, పక్కనే నిలబడ్డ తెలుగు తల్లి చేత "గుగ్గిళ్లు వేడిగా ఉన్నాయా?" అని అడిగించింది మరో జంట. ఆ చీటీలను సరిదిద్దకండి.

2. సామాను జాబితా

నలభై మందికి, అంటే ఇరవై జంటలకు లెక్క ఇది. పాడయ్యేవి కూడా కలిపి రాశాను.

- ఎర్ర ఎల్ఈడీలు (రెండు కాళ్ళుండే చిన్న దీపాలు), 5 మిల్లీమీటర్లవి: 60. అన్నీ ఒకే రంగు. కారణం తర్వాత చెబుతాను.
- సీఆర్ 2032 బటన్ సెల్స్, 3 వోల్టులవి: 25
- రాగి టేపు, 5 మిల్లీమీటర్ల వెడల్పు: 20 మీటర్లు
- మందం కార్డు, ఏ4 సైజు: 40
- బైండర్ క్లిప్పులు, చిన్నవి: 20
- మైదా, ఉప్పు, నిమ్మకాయలు, నూనె
- వంటింటి అల్యూమినియం రేకు: ఒక చుట్ట
- క్రొకడైల్ క్లిప్పుల వైర్లు (రెండు కొసలా మొసలి నోరులా కరిచే క్లిప్పులు ఉండేవి): ఒక్కో బోర్డుకు 20
- జెమ్ క్లిప్పులు: ఒక పెట్టె
- మేకీ మేకీ బోర్డు: ఒకటి, వీలైతే రెండు
- స్క్రాచ్ (బ్లాకులు పేర్చి ప్రోగ్రాం చేసే పిల్లల సాఫ్ట్‌వేర్) వేసిన కంప్యూటర్లు: ఎన్ని ఉంటే అన్ని

ఎల్ఈడీలు, సెల్స్, క్లిప్పు వైర్లు మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌లో దొరికాయి. కార్డు కాగితానికి జార్జ్ టౌన్‌లో ఆండర్సన్ స్ట్రీట్. బెంగళూరులో ఉన్నవాళ్ళు ఎస్పీ రోడ్డులో చూడండి. రాగి టేపు కొనేటప్పుడు అంటుకునే వైపు కూడా కరెంటు పారుతుందా అని అడగండి. చాలా వాటికి పారదు. పారకపోయినా ఫర్వాలేదు, అప్పుడు టేపును కత్తిరించకుండా మడవాలి, అంతే.

మేకీ మేకీ గురించి తెలియనివారికి: అది చిన్న బోర్డు. యూఎస్‌బీ వైరుతో తగిలిస్తే కంప్యూటర్ దాన్ని కీబోర్డు అనుకుంటుంది. విడిగా ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ముందు వైపు నాలుగు బాణాలు, స్పేస్, మౌస్ క్లిక్ అని ఆరు చోట్లు ఉంటాయి. వెనక వైపు డబ్ల్యూ, ఏ, ఎస్, డి, ఎఫ్, జి అక్షరాలు, మౌస్ కదలికలు. ఒక వైరు బోర్డు మీద ఎర్త్ అని రాసి ఉన్న చోటికి, ఒక వైరు స్పేస్‌కి పెట్టి రెండింటినీ చేతులతో పట్టుకుంటే, అతి కొద్ది కరెంటు మన ఒంట్లోంచి పారి, స్పేస్ కీ నొక్కినట్టు అవుతుంది. ఏమీ తెలియదు, షాక్ కొట్టదు.

3. రెండు సాయంత్రాలు మీరు ఇంట్లో చేసి చూడండి

దీన్ని దాటేయకండి. మీ చేతిలో ఒకసారి చెడిపోతేనే క్లాసులో అది ఎక్కడ చెడిపోతుందో పట్టుకోగలరు.

మొదటి సాయంత్రం ఒక వెలిగే కార్డు చేయండి. రెండో సాయంత్రం ముద్ద కలిపి, బోర్డుకి తగిలించి చూడండి.

కరెంటు పారే ముద్దకు కొలతలు ఇవి: ఒక కప్పు నీళ్ళు, ఒకటిన్నర కప్పు మైదా, పావు కప్పు ఉప్పు, తొమ్మిది టేబుల్ స్పూన్ల నిమ్మరసం, ఒక టేబుల్ స్పూన్ నూనె. మైదాలో అర కప్పు పక్కన పెట్టుకోండి. మిగతావన్నీ గిన్నెలో కలిపి, మధ్యరకం మంట మీద ఆపకుండా కలుపుతూ ఉంటే గట్టిపడి ముద్దవుతుంది. దించి, చల్లారాక పక్కన పెట్టిన మైదా చల్లుతూ చపాతీ పిండిలా పిసకండి. మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. ఈ ఒక్క పని మాత్రం పిల్లల చేతికి ఇవ్వను, పొయ్యి దగ్గరిది కాబట్టి.

దీన్ని కరెంటు పారేలా చేసేది ప్రధానంగా ఉప్పే. ఉప్పు తగ్గించకండి.

పండ్లతో కూడా ఇది పని చేస్తుంది. అరటిపండు, నిమ్మకాయ, ఏదైనా సరే. కానీ తినే వస్తువుతో ఆట అంటే మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు నచ్చదు, నాకూ మనసొప్పదు. ముద్ద డబ్బాలో ఉంటే వారం పైన వస్తుంది కాబట్టి వృథా తక్కువ.

4. జంటలో ఎవరి పని ఏది

ఒకరు "చెయ్యి", ఇంకొకరు "కన్ను". చెయ్యి పని చేస్తుంది. కన్ను చీటీ చదివి చెబుతుంది, తప్పు చూస్తుంది, కానీ ముట్టుకోదు. ఏడు నిమిషాలకు ఒకసారి గంట కొట్టండి, మారిపోతారు. ఇది పెట్టకపోతే చురుకైన ఒక్కరే మొత్తం చేసేస్తారు, రెండోవారు పెన్సిల్ చెక్కుతూ ఉంటారు.

టీచర్‌కు కూడా ఒక నియమం ఉంది. చేతులు వెనక్కి కట్టుకుని తిరగాలి. పిల్లల కార్డు పట్టుకుని "ఇలా ఇవ్వు, నేను పెడతా" అనేశామంటే ఆ కార్డు ఇక మనదే. అడగండి, చూపించండి, ముట్టుకోకండి. నాకు ఇదే అన్నిటికంటే కష్టమైంది.

పిల్లలు మిమ్మల్ని పిలిచే ముందు మూడు చూసి రావాలి. నల్లబల్ల మీద పెద్దగా రాసి పెట్టండి: సెల్ తిరగబడిందా? ఎల్ఈడీ కాలు తిరగబడిందా? ఎక్కడైనా సందు ఉందా?

5. మొదటి పీరియడ్: వెలిగే కార్డు

బొమ్మ వెనక నిలబడే దృశ్యం ఇది. బొమ్మ గీయడం ముందు రోజు డ్రాయింగ్ పీరియడ్‌లో అయిపోవాలి. నలభై నిమిషాల్లో బొమ్మ, వైరింగ్ రెండూ కావు.

వరస ఇది.

ఎల్ఈడీ రెండు కాళ్ళ మధ్య సెల్‌ని ఇరికించి వెలిగించి చూడాలి. పొడవు కాలు ప్లస్ వైపు. వెలగకపోతే తిప్పి పెట్టాలి. ఏ పాఠం కంటే ముందు ఈ ఒక్క నిమిషం ఇవ్వండి. ఇరవై ఎర్ర చుక్కలు ఒక్కసారి వెలిగినప్పుడు క్లాసు మొత్తం మీ వైపు తిరుగుతుంది.

తర్వాత ఖాళీ కార్డు మీద పెన్సిల్‌తో రెండు దారులు గీయాలి. ఒకటి సెల్ ప్లస్ నుంచి ఎల్ఈడీ పొడవు కాలికి, రెండోది పొట్టి కాలి నుంచి సెల్ మైనస్‌కి. దారులు ఒకదాన్ని ఒకటి దాటకూడదు. గీత మీదే టేపు అంటించాలి. మలుపు దగ్గర కత్తిరించకుండా మడిచి తిప్పాలి.

సెల్ చోటు కార్డు మూలలో ఉండాలి. మూల మడిస్తే పై టేపు సెల్ నెత్తిన తగలాలి. అక్కడ బైండర్ క్లిప్పు పెడితే వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది. అదే స్విచ్.

ఎల్ఈడీ కాళ్ళను పక్కలకు వంచి టేపు మీద ఆనించి, పైన పారదర్శక టేపుతో గట్టిగా అదిమి అంటించాలి. చివరగా బొమ్మ గీసిన కార్డును పైన కప్పాలి. ఎక్కడ వెలగాలో అక్కడ సూదితో చిన్న రంధ్రం చేస్తే చాలు.

బటన్ సెల్స్ విషయంలో నిర్లక్ష్యం వద్దు. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక లోపల కాలిపోయే ప్రమాదం ఉంది. మింగారని అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అందుకే:

- సెల్స్ లెక్కపెట్టి ఇవ్వండి, లెక్కపెట్టి తీసుకోండి. లెక్క తేలేదాకా ఎవరినీ బయటికి పంపకండి.
- ఐదో తరగతి కంటే చిన్నవాళ్ళకు ఇవ్వకండి.
- కార్డు ఇంటికి పంపేటప్పుడు సెల్ తీసేసి పంపండి. ఇంట్లో చిన్న పిల్లలు ఉంటారు.

6. రెండో పీరియడ్: గొంతు

స్క్రాచ్ ఉచితం. ఇంటర్నెట్ లేకుండా నడిచే ఎడిటర్‌ను ముందు రోజే అన్ని కంప్యూటర్లలో వేసి ఉంచండి. ఇప్పుడు మనం చేసే పనికి అకౌంట్ అక్కర్లేదు, పిల్లల పేర్లు ఎక్కడా ఇవ్వక్కర్లేదు.

పిల్లలు చేయాల్సింది ఇంతే:

- సౌండ్స్ ట్యాబ్ తెరిచి, కింద ఎడమ మూల ఉన్న స్పీకర్ గుర్తు మీదికి వెళ్ళి, మైకు గుర్తు నొక్కాలి.
- రికార్డు చేసి, ముందూ వెనకా ఖాళీని కత్తిరించి, సేవ్ చేయాలి.
- శబ్దానికి తమ జంట నంబరు పేరుగా పెట్టాలి.
- కోడ్ ట్యాబ్‌లో "వెన్ స్పేస్ కీ ప్రెస్డ్" అనే బ్లాక్ తెచ్చి, దాని కింద "ప్లే సౌండ్ అంటిల్ డన్" తగిలించాలి. అందులో తమ శబ్దాన్ని ఎంచుకోవాలి.
- స్పేస్ కీ నొక్కి వినాలి.

"స్టార్ట్ సౌండ్" అనే బ్లాక్ కూడా పక్కనే ఉంటుంది, పిల్లలు దాన్నే పట్టుకుంటారు. వద్దు. బొమ్మ మీద చెయ్యి ఉంచితే కీ పదే పదే నొక్కినట్టు అవుతుంది. అప్పుడు ఆ బ్లాక్ మాటను ప్రతిసారీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది. "మూ, మూ, మూ, మూర" అని నత్తి వచ్చినట్టు వినిపిస్తుంది. "అంటిల్ డన్" పెడితే మాట పూర్తయ్యేదాకా మళ్ళీ మొదలవదు.

ఇరవై జంటలు ఒకే గదిలో రికార్డు చేస్తే ఒక్క మాటా వినపడదు. మేము మెట్ల కింద ఒక ల్యాప్‌టాప్ పెట్టి ఇద్దరిద్దరిని పంపాం. మిగతావాళ్ళు ఆ సమయంలో కార్డు పూర్తి చేసుకున్నారు. ఫ్యాను ఆపండి, మైక్‌కి జానెడు దూరంలో మాట్లాడించండి. చదవనివ్వకండి, చీటీ పక్కన పెట్టి చెప్పమనండి. రెండు మూడు సార్లు చెప్పాక గొంతు సడలుతుంది, అప్పుడు రికార్డు చేయండి.

ఫోన్‌లో రికార్డు చేసి తెస్తే ఒక చిక్కు ఉంది. చాలా ఫోన్లు ఎం4ఏ రకం ఫైలు ఇస్తాయి, స్క్రాచ్‌లోకి వేవ్, ఎంపీ3 రకాలు మాత్రమే తీసుకోవచ్చు. మార్చుకుని తేవాలి.

అన్ని గొంతులూ చివరికి ఒకే ప్రాజెక్టులోకి రావాలి. శబ్దం మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ నొక్కితే వేవ్ ఫైలు వస్తుంది. పెన్‌డ్రైవ్‌తో తెచ్చి ప్రధాన ల్యాప్‌టాప్‌లో అప్‌లోడ్ చేసి, ఒక్కో గొంతుకు ఒక్కో కీ బ్లాక్ పెట్టాలి. ఈ పని నేను సాయంత్రం కూర్చుని చేసేద్దామనుకున్నాను. కానీ నలుగురు పిల్లల జట్టుకి ఇచ్చాను. నాకంటే వేగంగా చేశారు. ఏ బొమ్మకు ఏ కీ అని ఒక పట్టిక కూడా వాళ్ళే రాసుకున్నారు. ఆ పట్టిక లేకుండా మూడో పీరియడ్‌కి వెళ్ళకండి.

7. మూడో పీరియడ్: బొమ్మ, వైరు, ఎర్త్

ఒక బోర్డుకు ఒకసారి పది బొమ్మలు హాయిగా పడతాయి. నాలుగు బాణాలు, స్పేస్, ఐదు అక్షరాలు. కొలువు మెట్లు బేసి సంఖ్యలో పెట్టడం ఆనవాయితీ కదా. ఐదు మెట్లు, మెట్టుకు రెండు బొమ్మలు. ఇరవై జంటలకు రెండు బోర్డులు ఉంటే రెండు కొలువులు, లేకపోతే ఉదయం పది, మధ్యాహ్నం పది.

ప్రతి బొమ్మను ఒక ప్లాస్టిక్ మూత మీద చేయించండి. బొమ్మ లోపలికి ఒక జెమ్ క్లిప్పును సగం గుచ్చి, బయట మిగిలిన భాగానికి క్రొకడైల్ క్లిప్పు తగిలించాలి. క్లిప్పును నేరుగా ముద్దకు కరిపిస్తే ముద్ద చీలి ఊడిపోతుంది.

ఎర్త్ ఎలా ఇవ్వాలన్నదే ఇందులో పెద్ద సంగతి. బొమ్మను ముట్టుకుంటే సరిపోదు, ముట్టుకునే మనిషి ఇంకో చేత్తో ఎర్త్‌ను కూడా పట్టుకోవాలి. మేము మెట్ల అంచు పొడవునా అల్యూమినియం రేకును తెగకుండా అంటించి, దాన్ని ఎర్త్‌కి కలిపాం. చూడ్డానికి వెండి జరీ అంచులా ఉంటుంది. ఎడమ చెయ్యి అంచు మీద, కుడి చెయ్యి బొమ్మ మీద.

తగిలించే వరస:

- ముందు ఎర్త్ వైరు.
- తర్వాత ఒకే ఒక్క బొమ్మ, స్పేస్‌కి. పలికిందా?
- పలికాకే రెండోది. ఒక్కొక్కటీ తగిలించాక ఒకసారి పరీక్ష.

పదీ ఒకేసారి తగిలించి చూద్దామని పిల్లలు తొందర పడతారు. అలా చేస్తే ఏది చెడిందో తెలియదు, పది వైర్లూ పీకాల్సి వస్తుంది.

ఇంకో మాట. ల్యాప్‌టాప్‌ను చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. పిల్లలు ఒళ్ళు తాకించే పరికరం గోడ కరెంటుకు కలిసి ఉండకపోవడం మంచిది. ముట్టుకోకుండానే బొమ్మ పలికే తంటా కూడా మాకు అలా తగ్గింది.

అన్నీ పలికాక ఎనిమిది పది మందిని చేతులు పట్టుకుని వరసగా నిలబెట్టండి. ఒక చివర ఉన్నవాళ్ళు రేకును పట్టుకోవాలి, రెండో చివర వాళ్ళు బొమ్మను ముట్టుకోవాలి. బొమ్మ పలుకుతుంది. మధ్యలో ఒకరిని చెయ్యి వదలమనండి, ఇంకోసారి ముట్టుకోమనండి. పలకదు. సర్క్యూట్ అంటే ఏమిటో ఇక వేరే చెప్పే పని లేదు. వాళ్ళే సర్క్యూట్ అయ్యారు కాబట్టి.

8. ఏది పని చేయకపోతే ఎక్కడ చూడాలి

క్లాసులో ఎక్కువ సమయం ఇక్కడే గడుస్తుంది. గడవనివ్వండి. పీరియడ్ అయిపోతుందని టెన్షన్ పడి మనమే సరిచేసేస్తే, పిల్లలు నేర్చుకోవాల్సిన అసలు పని వాళ్ళ చేతిలోంచి లాక్కున్నట్టే.

కార్డు వెలగడం లేదు. సెల్, ఎల్ఈడీ తిరగేసి చూశాక, మలుపుల దగ్గర టేపు తెగి పైన ఇంకో ముక్క అంటించారేమో చూడమనండి. అంటుకునే వైపు కరెంటు పారకపోతే అక్కడే ఆగిపోతుంది. తెగిన చోట ఒక టేపు కొసను వెనక్కి మడిచి, రాగికి రాగి తగిలేలా చేయాలి.

నొక్కితే వెలుగుతుంది, వదిలితే ఆరుతుంది. ఎల్ఈడీ కాలు టేపుకి సరిగ్గా ఆనడం లేదు. పైటేపు తీసి మళ్ళీ అదిమి అంటించాలి.

నిన్న వెలిగింది, ఈ రోజు లేదు. చెన్నై సముద్రపు గాలికి రాగి త్వరగా నల్లబడుతుంది. సెల్ తగిలే చోట పెన్సిల్ రబ్బరుతో రుద్దితే మెరుపు వస్తుంది. రాత్రంతా క్లిప్పు పెట్టి వదిలేశారేమో కూడా అడగండి. అలాగైతే సెల్ అయిపోయి ఉంటుంది.

సెల్ వేడెక్కుతోంది. వెంటనే క్లిప్పు తీయించండి. రెండు దారులు ఎక్కడో తగులుతున్నాయి, లేదా టేపు కార్డు అంచు దాటి బయటికి వచ్చి క్లిప్పు ఇనుముకు తగులుతోంది.

ఎర్రది వెలుగుతోంది, తెల్లది లేదు. ఎవరో ఇంటి నుంచి వేరే రంగు తెచ్చి పక్కన పెట్టారు. ఎర్ర ఎల్ఈడీకి రెండు వోల్టులు చాలు, తెల్లదానికి, నీలానికి దాదాపు మూడు కావాలి. రెండూ ఒకే సెల్‌కి పక్కపక్కన కలిస్తే ఎర్రది వోల్టేజీని కిందికి లాగేస్తుంది. జాబితాలో ఒకే రంగు అని రాసింది అందుకే. ఆరో తరగతికి ఈ కారణం చెప్పొచ్చు, అర్థం చేసుకుంటారు.

బొమ్మ పలకడం లేదు. ఇక్కడ వెతుకులాటను రెండు ముక్కలు చేయడం నేర్పండి. మేకీ మేకీ ముందు వైపు చోట్లలో ఒకదాన్ని ముట్టుకుంటే బోర్డు మీద చిన్న పచ్చ లైటు వెలుగుతుంది. లైటు వెలిగితే వైర్లు బాగున్నాయి, తప్పు కంప్యూటర్ వైపు ఉంది. లైటు వెలగకపోతే కంప్యూటర్ జోలికి వెళ్ళొద్దు, తప్పు వైర్లలోనో ఎర్త్‌లోనో ఉంది. ఈ ఒక్క అలవాటు పట్టుబడితే పిల్లలు మిమ్మల్ని పిలవడం సగానికి సగం తగ్గుతుంది.

కంప్యూటర్ వైపు అయితే: స్క్రాచ్ కిటికీ ముందుందా? ఎవరైనా వేరే కిటికీ మీద క్లిక్ చేస్తే కీ అక్కడికి పోతుంది. స్క్రాచ్ స్టేజీ (తెర మీద పిల్లి బొమ్మ కనిపించే చోటు) మీద ఒకసారి క్లిక్ చేయాలి. వాల్యూమ్ ఉందా? పట్టికలో రాసిన కీ, బ్లాక్‌లో ఉన్న కీ ఒకటేనా?

వైర్ల వైపు అయితే: రేకు మీద చెయ్యి ఉందా? పిల్లలు ఉత్సాహంలో రెండో చెయ్యి మరచిపోతారు. రేకు మెట్టు మలుపులో చిరిగిందా? క్లిప్పు రబ్బరు తొడుగు పైకి జరిపి లోపల వైరు ఊడిందేమో చూడమనండి. చవక క్లిప్పుల్లో ఇది తరచుగా జరుగుతుంది. చేతులు మరీ పొడిగా ఉన్నా పలకదు, కొంచెం తడి చేసుకోవాలి. చెన్నైలో ఆ అవసరం అరుదు.

ఒకటి ముట్టుకుంటే రెండు పలుకుతున్నాయి. బొమ్మలు ఒకదానికొకటి తగులుతున్నాయి, లేదా ఇంటి నుంచి తెచ్చిన స్టీలు పళ్ళెంలో పెట్టారు. స్టీలు పళ్ళెం అన్నిటినీ కలిపేస్తుంది. అందుకే ప్లాస్టిక్ మూతలు.

ఎవరూ ముట్టుకోకుండానే బొమ్మ ఆగకుండా పలుకుతోంది. ముద్ద జారి రేకుకు తగులుతోంది. అక్టోబరు, నవంబరు వానల్లో ముద్ద నీరు కారి మెత్తబడుతుంది. మైదా చల్లి పిసికి గట్టిపరచాలి. మూత కింద కారిన నీళ్ళు తుడవాలి, ఉప్పు నీళ్ళు కాబట్టి వాటిలోంచి కూడా కరెంటు పారుతుంది.

ప్రతి తప్పు దొరికినప్పుడు నోటుబుక్కులో మూడు ముక్కలు రాయించండి: ఏం అనుకున్నాం, ఏం అయింది, ఏం మార్చాం. మార్కులు నేను దీనికే వేస్తాను, బొమ్మ అందానికి కాదు.

9. బోర్డు లేకపోతే, కంప్యూటర్ ఒక్కటే ఉంటే

మేకీ మేకీ దొరకకపోతే పాత యూఎస్‌బీ కీబోర్డును మెట్టు అట్ట కింద దాచండి. బొమ్మ పీట సరిగ్గా ఒక కీ మీద కూర్చునేలా అట్టకు కన్నం చేయాలి. బొమ్మ నెత్తి మీద మెల్లగా నొక్కితే కీ నొక్కుకుంటుంది. స్క్రాచ్ పనిలో ఏ మార్పూ ఉండదు. దీనికి ముద్ద పనికిరాదు, అట్టతోనో మట్టితోనో గట్టి బొమ్మ చేయించాలి.

కంప్యూటర్ ఒక్కటే ఉంటే రికార్డింగుకు రెండు పీరియడ్లు పెట్టుకోండి. కార్డుల పని అందరికీ ఒకేసారి సాగుతుంది కాబట్టి ఎవరూ వరసలో నిలబడి ఎదురు చూడరు.

కంప్యూటర్ అసలు లేకపోతే వెలిగే కార్డులతోనే ఆపేయండి. అదీ పూర్తి పనే.

10. కొలువు రోజు, మర్నాడు

క్వార్టర్లీ పరీక్షల ముందే మూడు పీరియడ్లు ముగించి, కొలువుకు ముందు రోజు ఒక గంట కేటాయించండి.

ముందు రోజు చూసుకోవాల్సినవి:

- ల్యాప్‌టాప్ పూర్తి చార్జింగు, స్క్రీన్ ఆరిపోకుండా సెట్టింగు
- ప్రాజెక్టు ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ
- కొత్త సెల్స్ ఐదు, అదనపు క్లిప్పు వైర్లు ఐదు
- డబ్బాలో అదనపు ముద్ద, కాస్త మైదా, తుడిచే గుడ్డ
- "ఎడమ చెయ్యి వెండి అంచు మీద, కుడి చెయ్యి బొమ్మ మీద" అని తెలుగు, తమిళం, ఇంగ్లీషులో రాసిన అట్ట

చూడ్డానికి వచ్చినవాళ్ళకు వివరించేది పిల్లలే. మెట్టుకు ఒకరిని నిలబెట్టండి, అరగంటకు మార్చండి. ఏదైనా పలకకపోతే వచ్చినవాళ్ళ ముందే వాళ్ళే వెతికి సరిచేస్తారు. మా దగ్గర కండక్టర్ బొమ్మ మధ్యలో మూగబోతే ఒక పిల్లాడు "ఒక్క నిమిషం ఆగండి సార్" అని చెప్పి, పచ్చ లైటు చూసి, స్టేజీ మీద క్లిక్ చేసి, మళ్ళీ "టికెట్, టికెట్" అనిపించాడు.

పిల్లల గొంతులు, ఫోటోలు తల్లిదండ్రులను అడగకుండా ఎక్కడా పెట్టకండి. ఎవరి గొంతు ఫైలు వాళ్ళ ఇంటికి ఇవ్వండి, అడిగి తీసుకునేవాళ్ళు చాలామంది ఉంటారు.

సాయంత్రం జెమ్ క్లిప్పులు ముద్దలోంచి తీసేయాలి, ఉప్పుకు రాత్రికే తుప్పు పడతాయి. సెల్స్ తీసి లెక్కపెట్టాలి. వైర్లు చుట్టి రబ్బరు బ్యాండు వేయాలి. ఇదీ పిల్లల పనే.

చీటీలు మాత్రం పారేయకండి. ఈసారి ఆరో తరగతికి వచ్చే జంటలకు పాత చీటీలు ఇచ్చి, అదే బొమ్మ ఇంకేం అనవచ్చో రాయమని అడుగుతూ మొదలుపెట్టబోతున్నాను.